సొరంగం దగ్గర టీ మోసినవాడు

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాను అడ్డంగా దాటిన తొలి రైలు మార్గం వేసిన కూలీ కథ అది. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ సమ్మిట్ దగ్గర తూర్పు పట్టాలూ పడమటి పట్టాలూ కలిసిన రోజుతో మొదలుపెట్టావు. పట్టాలు కలిసినచోట చివరగా దిగ్గొట్టిన బంగారు మేకు, బ్యాండు మేళం, కేరింతలు. చదువుతుంటే కళ్లకు కట్టినట్టే ఉంది. అయినా ఆ పేజీలు తీసెయ్యమంటాను.

ఆ రోజు తీసిన ప్రసిద్ధ ఫోటో నువ్వు చూసే ఉంటావు. రెండు ఇంజన్లు ముఖాముఖిగా ఉంటాయి, వాటి ముందు నిలబడ్డవాళ్లు సీసాలు అందించుకుంటూ ఉంటారు. పడమటి వైపు లైను వేసిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీలో పనివాళ్లలో చాలా ఎక్కువమంది చైనావాళ్లు. ఆ గుంపులో వాళ్ల ముఖాల కోసం ఎంత వెతికినా కంటికి ఆనవు. నీ కథానాయకుడు చైనా కూలీయే. కానీ కథ మాత్రం ఆ కెమెరా పెట్టిన చోటి నుంచే చెప్పావు.

అతను నిజంగా ఉన్నచోటికి వెళ్లు. 1866 చలికాలం, సియెర్రా నెవాడా కొండలు. అక్కడ వాళ్లు తవ్విన సమ్మిట్ టన్నెల్ అనే సొరంగం పొడవు 1,659 అడుగులు, అంతా గట్టి గ్రానైట్. మందుగుండు కూరి పేల్చినా కొన్నిచోట్ల రోజంతా పనిచేస్తే ముందుకు సాగేది అడుగంత. తర్వాత అంతకన్నా గట్టిగా పేలే నైట్రోగ్లిసరిన్ వాడారు. బయట మంచు ఎంత పేరుకుపోయిందంటే, గుడిసెల నుంచి సొరంగం దాకా మంచులోనే దారి తవ్వుకుని నడిచారు. మంచుచరియలు విరిగిపడి కొందరు గుడిసెలతో సహా కప్పబడిపోయారు.

ఇక తిండి సంగతి. దీని మీద నువ్వు ఒక్క వాక్యమూ రాయలేదు, నాకు అన్నిటికన్నా వెలితిగా అనిపించింది ఇదే. తెల్ల కూలీలకు భోజనం కంపెనీ పెట్టేది. చైనావాళ్లు తమ జీతంలోంచే కొనుక్కునేవారు. ఒక్కో ముఠాకు ఒక వంటవాడు ఉండేవాడు. బియ్యం, ఎండుచేపలు, ఎండబెట్టిన కూరలు శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుల నుంచి వచ్చేవి. మరిగించిన నీళ్లతో కాచిన టీని ఖాళీ మందుగుండు పీపాల్లో నింపి, కావడి వేసుకుని ఒకడు పనిచోటికి మోసుకొచ్చేవాడు. పచ్చినీళ్లు తాగినవాళ్లు విరేచనాలతో మంచాన పడుతుంటే వీళ్లు అంతగా పడలేదు. ఆ కావడి మనిషి వెంట నువ్వు ఒక పూట నడిస్తే చాలు, సొరంగం అంతా నీకు కనిపిస్తుంది.

ఆ చైనా కూలీలు రాసిన ఉత్తరం గానీ డైరీ గానీ ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. జీతాల పుస్తకాల్లోనూ చాలాచోట్ల ముఠా నాయకుడి పేరే ఉంటుంది. అతన్ని నువ్వు ‘హెడ్‌మన్’ అన్నావు. మేస్త్రీ అని రాయి. పాలమూరు నుంచి ముఠాలుగా వలసపోయినవాళ్ల ఇళ్లలో ఆ మాటకు ఎంత బరువుందో అందరికీ తెలుసు. సాక్ష్యం లేని చోట ఊహించుకో, కథకు ఆ హక్కుంది. కానీ ఆ సియెర్రా దారిలోనే ఉన్న కేప్ హార్న్ అనే కొండ దగ్గర బుట్టల్లో కూర్చుని కొండ అంచున వేలాడిన దృశ్యం మాత్రం వద్దు. చాలామంది చరిత్రకారులు దాన్ని నమ్మరు. అసలు జరిగిన కష్టమే అంత ఉండగా కట్టుకథ ఎందుకు?

1867 జూన్ సమ్మెను ఒక్క వాక్యంలో దాటేశావు. నీ కథకు గుండెకాయ అదే. వేలమంది చైనా కూలీలు ఒకేసారి పనిముట్లు కింద పెట్టారు. నెలకు 40 డాలర్లు ఇవ్వాలని, సొరంగంలో పనిగంటలు తగ్గించాలని అడిగారు. గొడవ చెయ్యలేదు. కంపెనీ యజమానుల్లో ఒకడైన చార్లెస్ క్రోకర్ తిండి సరుకులు కొండ మీదికి రాకుండా ఆపించాడు. వారం తిరిగేసరికి వాళ్లు పనిలోకి దిగక తప్పలేదు. ఆ వారంలో మన వంటవాడు మూట అడుగున ఉన్న బియ్యాన్ని ఎలా కొలిచి వేశాడో రాయగలవా?

‘ఖాళీ మైదానాల మీదుగా రైలు పరుగెత్తింది’ అన్న వాక్యం కొట్టెయ్. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద అయిదేళ్లు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు ఇచ్చారు, నిజమే. కానీ ఆ మైదానాల్లో అప్పటికే లకోటా, షయాన్ అనే ఆదివాసీ ప్రజలు ఉన్నారు. బ్లాక్ హిల్స్ అనే కొండలు లకోటాలవేనని 1868లో సంతకం చేసిన ప్రభుత్వమే, అక్కడ బంగారం బయటపడ్డాక 1877లో వాటిని లాక్కుంది. అలాగని ఆ భూమి కోసం వచ్చి మట్టిగడ్డలతో ఇల్లు కట్టుకున్న నార్వే రైతుని దుర్మార్గుణ్ని చెయ్యకు. అతనూ ఆకలితోనే ఓడెక్కాడు.

ఉక్కు వ్యాపారి కార్నెగీ గురించి నువ్వు రాసిన భాగం ఈ కథకు అక్కర్లేదు.

1882లో చైనా కూలీలు రాకుండా చట్టం చేశారు. 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గుగనుల దగ్గర 28 మంది చైనావాళ్లను చంపేశారు. అప్పుడు మూసుకున్న తలుపు 1917 నాటికి మన దేశానికీ మూసుకుంది. 1965లో చట్టం మారాకే మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు. నువ్వు డాలస్‌లో కూర్చుని ఈ కథ రాస్తున్నావు. అందుకే ఇది నీ చేత బాగా రాయించాలని నాకింత ఆరాటం. వీసా టెన్షన్ అంటే ఏమిటో నీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ భయాన్ని నీ కథానాయకుడి నోట పలికించకు, అతని భయం వేరు. కానీ రాసేటప్పుడు అది నీ పక్కన ఉండనీ.

సంక్రాంతిలోపు రెండో ప్రతి పంపు. టీ కావడి ఉన్న పేజీ ముందు చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని