97 ఆటల్లో 65 ఓటములు: వైట్ సాక్స్ అభిమానులు ఏం చూసుకుని ఆశపడుతున్నారు?

ప్రశ్న: షికాగోకు కొత్తగా వచ్చాను, క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. మా ఆఫీసులో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులు కొందరున్నారు. 2025 సీజన్‌లో ఆల్ స్టార్ విరామానికి (జులైలో, సీజన్ మధ్య వచ్చే సెలవు) వాళ్ళ జట్టు 32 గెలిచి 65 ఓడింది. అయినా "నయం, రీబిల్డ్ దారిలో పడింది" అంటున్నారు. నిజంగా బాగుపడుతోందా, లేక తమను తాము ఓదార్చుకుంటున్నారా?

జవాబు:

రెండూ నిజమే. ఏది ఎంత పాలు అన్నదే తేల్చాలి. (ఇది 2025 జులైలో, ఆల్ స్టార్ విరామంలో రాస్తున్న జవాబు. కింద "ఇప్పుడు", "ఈ ఏడాది", "నిరుడు" అన్నవన్నీ ఆ నాటి లెక్కనే.)

ముందు నా సంగతి చెబుతాను. నేను ఉండేది అరోరాలో, బాలాజీ గుడికి దగ్గరలో. ఇక్కడ మనవాళ్ళలో బేస్‌బాల్ చూసేవాళ్ళు ఎక్కువగా నగరం ఉత్తర భాగంలో ఉన్న మరో జట్టు కబ్స్‌నే పట్టుకుంటారు. వాళ్ళ రిగ్లీ ఫీల్డ్ చూడముచ్చటగా ఉంటుంది, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకువెళ్ళి ఫొటోలు దిగడానికి అనువైన చోటు. నన్ను దక్షిణం వైపు లాగినవాడు నా మొదటి ఉద్యోగంలో పై అధికారి. సాక్స్ స్టేడియం పక్కనే ఉన్న బ్రిడ్జ్‌పోర్ట్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆయన దృష్టిలో కబ్స్ అభిమానం ఒక వ్యక్తిత్వ లోపం. ఆయన పుణ్యమా అని 2016 నుంచి ఈ జట్టు కష్టసుఖాలు చూస్తున్నాను. సరిగ్గా ఆ ఏడాదే కబ్స్ 108 ఏళ్ళ తరవాత వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) గెలిచింది. నా జాతకం అలాంటిది.

మీ సహోద్యోగులు "నయం" అంటున్నది 2024తో పోల్చుకుని. ఆ ఏడాది 162 ఆటల్లో సాక్స్ 121 ఓడింది. 1900 తరవాత ఏ జట్టూ ఒక్క సీజన్‌లో అన్ని ఓడలేదు. 1962 నాటి న్యూయార్క్ మెట్స్ పేరిట ఉన్న 120 ఓటముల రికార్డు అలా చెరిగిపోయింది. మధ్యలో ఒకసారి వరసగా 21 ఆటలు ఓడారు. స్టేడియంలో జనం "జట్టును అమ్మెయ్" అని యజమానిని ఉద్దేశించి కేకలు వేశారు. ఆగస్టులో మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ను పంపించేశారు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే మన లెక్కలో ప్రధాన కోచ్. నిరుడు ఇదే విరామానికి లెక్క 27 గెలుపులు, 71 ఓటములు. అంటే ఇప్పటికి తేడా ఐదు గెలుపులు. ఈ ఒక్క అంకె పట్టుకుని ఎవరైనా పండగ చేసుకుంటే మీతోపాటు నేనూ నవ్వుతాను.

క్రికెట్ అలవాటుతో చూస్తే ఇది మరీ వింతగా తోస్తుంది. 2023 ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన మన సన్‌రైజర్స్ 2024లో ఫైనల్ ఆడింది. వేలంలో 20.5 కోట్లు పెట్టి కమిన్స్‌ను తెచ్చుకుంది, కెప్టెన్సీ అప్పగించింది, జట్టు రూపమే మారిపోయింది. బేస్‌బాల్‌లో ఇలాంటి దగ్గరదారి లేదు. కుర్రాళ్ళను పద్ధెనిమిది, ఇరవై ఒకటో ఏట తీసుకుని కింది స్థాయి మైనర్ లీగుల్లో ఏళ్ళ తరబడి తయారు చేయాలి. ఒకసారి మేజర్ లీగ్‌లో అడుగు పెట్టాక సుమారు ఆరు సీజన్లు ఆ ఆటగాడు జట్టు చేతిలో ఉంటాడు, ఆ తరవాత స్వేచ్ఛగా ఎక్కువ డబ్బు ఇచ్చేవారి దగ్గరికి వెళ్ళవచ్చు. అందుకే ఓడుతున్న జట్లు తమ దగ్గరున్న మంచి ఆటగాడిని, గడువు తీరకముందే, వేరే జట్టుకిచ్చి నలుగురు కుర్రాళ్ళను తెచ్చుకుంటాయి. రీబిల్డ్ అంటే స్థూలంగా ఇదే.

కాబట్టి సగం సీజన్ గడిచాక నేను పాయింట్ల పట్టిక చూడను. ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకున్నారు, ఆ వచ్చినవారిని ఇచ్చి మళ్ళీ ఎవరిని తెచ్చుకున్నారు అని వంశవృక్షం గీసుకుంటాను. సాక్స్ విషయంలో ఈ వృక్షం మహా విచిత్రంగా ఉంటుంది, ఎందుకంటే పదేళ్ళలోపు ఇది వాళ్ళ రెండో రీబిల్డ్.

మొదటిది 2016 డిసెంబరులో మొదలైంది. ఎడమచేతి పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) క్రిస్ సేల్‌ను బోస్టన్‌కు ఇచ్చి మొంకాడా, కోపెక్ తదితరులను తెచ్చారు. మర్నాడే ఆడమ్ ఈటన్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చి జియోలిటో, రెనాల్డో లోపెజ్, డేన్ డనింగ్‌లను తెచ్చారు. 2017 జులైలో పిచ్చర్ కింటానాను కబ్స్‌కే ఇచ్చి ఎలోయ్ హిమేనెజ్, డిలన్ సీస్‌లను తీసుకున్నారు. మా పై అధికారి ఆ రోజు కబ్స్‌తో బేరమాడినందుకు తిట్టాలో, మంచి బేరం కుదిరినందుకు మెచ్చుకోవాలో తెలియక సతమతమయ్యాడు. 2018లో వంద ఆటలు ఓడారు. "ఓపిక పట్టండి" అన్నారు, పట్టాం. 2020లో ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు, 2021లో 93 గెలిచి డివిజన్ టైటిల్ కొట్టారు. ఆ వెంటనే హ్యూస్టన్ చేతిలో ఓడి ఇంటికొచ్చారు. పంట అంతే. 2022లో సరిగ్గా 81 గెలుపులు, 81 ఓటములు. 2023లో 101 ఓటములు. ఆ ఆగస్టులో ఆటగాళ్ళ బేరాలు చూసే పెద్దలు రిక్ హాన్, కెన్నీ విలియమ్స్ ఇద్దరినీ తొలగించి క్రిస్ గెట్జ్‌కు పగ్గాలిచ్చారు.

ఇక్కడి నుంచి కొమ్మలు ఎలా సాగాయో చూడండి. ఈటన్‌కు బదులు వచ్చిన జియోలిటో, లోపెజ్‌లను 2023లో ఏంజెల్స్‌కు ఇస్తే వచ్చినవాడే ఇప్పుడు ఆడుతున్న 22 ఏళ్ళ క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఎడ్గర్ కెరో. సేల్‌కు బదులు వచ్చిన కోపెక్‌ను, ఇంకో ఇద్దరితో కలిపి, 2024లో మూడు జట్ల బేరంలో ఇస్తే మిగెల్ వర్గాస్ వచ్చాడు. నిరుడు సాక్స్ తరఫున వర్గాస్ బ్యాటింగ్ సగటు .104, అంటే సుమారు పది ప్రయత్నాలకు ఒక్క హిట్. క్రికెట్ భాషలో చెప్పాలంటే పదకొండో నంబరు ఆటగాడి స్థాయి. ఇక్కడినుంచి వెళ్ళిన కోపెక్ అదే ఏడాది డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్ ఉంగరం తొడుక్కున్నాడు. అప్పుడు ఆ బేరాన్ని తిట్టనివాడు లేడు. ఈ ఏడాది అదే వర్గాస్ రోజూ జట్టులో ఉంటున్నాడు, హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొడుతున్నాడు. గొప్ప ఆటగాడు అవుతాడని అనను, కానీ అతణ్ణి చూస్తే ఇప్పుడు కోపం రావడం లేదు.

(అన్నట్టు, వృక్షంలో ఒక కొమ్మ పక్కింటి పెరట్లో విరగకాసింది. 2016 జూన్‌లో జేమ్స్ షీల్డ్స్ కోసం శాన్ డియేగోకు ఇచ్చేసిన 17 ఏళ్ళ కుర్రాడి పేరు ఫెర్నాండో టటీస్ జూనియర్. సాక్స్ అభిమాని దగ్గర ఈ పేరు ఎత్తకండి.)

అసలు విషయం 2024 డిసెంబరు నాటి బేరం. మళ్ళీ ఎడమచేతి ప్రధాన పిచ్చర్, మళ్ళీ డిసెంబరు, మళ్ళీ బోస్టన్. సొంతంగా పెంచుకున్న గ్యారెట్ క్రోషేను ఇచ్చి నలుగురిని తీసుకున్నారు. వారిలో ముగ్గురు, క్యాచర్ కైల్ టీల్, ఇన్‌ఫీల్డర్ చేస్ మైడ్రాత్, పిచ్చర్ విక్లమన్ గొంజాలెజ్, జులై రాకముందే మేజర్ లీగ్‌లో ఆడేశారు. నాలుగోవాడు బ్రేడన్ మాంట్‌గోమరీ మైనర్ లీగ్‌లో పైకి వస్తున్నాడు. మైడ్రాత్‌ను ఒకసారి స్టేడియంలో చూడండి. బంతిని బలంగా బాదడు, కానీ వికెట్ పారేసుకోని పాతకాలపు ఓపెనర్‌లా పిచ్చర్‌ను విసిగిస్తాడు. టీల్ ఎడమచేతి వాటం బ్యాటర్, చురుకైన మనిషి. ఒక జట్టుకు ఇద్దరు కుర్ర క్యాచర్లు ఒకేసారి దొరకడం అరుదు. నిరుడు ఓడుతున్నప్పుడు మైదానంలో ఉన్నవారిలో చాలామంది ఆ ఏడాది గడిస్తే వెళ్ళిపోయే అద్దె ఆటగాళ్ళు. ఈ ఏడాది ఓడుతున్నవారు 2028లోనూ ఇక్కడే ఉండేవారు. మీ ఆఫీసు వాళ్ళు "నయం" అనడంలోని నిజం పాలు ఇది.

ఓటముల రకం కూడా మారింది. నిరుడు మొత్తం సీజన్‌లో సాక్స్ చేసిన పరుగులు 507, ఇచ్చినవి 813. రాత్రి భోజనం అయ్యేలోపు ఆట చేజారిపోయేది, టీవీ కట్టేసి పడుకునేవాళ్ళం. ఇప్పుడు ఒక్క పరుగు తేడాతో ఓడిన ఆటలు బోలెడు. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఆధిక్యంలో ఉండి చివరి పిచ్చర్లు జారవిడుస్తున్నారు. నిద్ర చెడుతోంది, అదొక్కటే నష్టం. చివరి పిచ్చర్లను సమకూర్చుకోవడం రీబిల్డ్‌లో అందరికన్నా చివర చేయాల్సిన పని, అందుకని ఈ లోపం నన్ను పెద్దగా బాధపెట్టదు.

షేన్ స్మిత్ కథ చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణం. కళాశాల అయ్యాక, జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఏ జట్టూ ఎంచుకోని పిచ్చర్. మిల్వాకీ మైనర్ లీగ్‌లో ఉన్నవాణ్ణి వేరే జట్ల మైనర్ లీగ్ ఆటగాళ్ళను ఎంచుకునే రూల్ 5 డ్రాఫ్ట్ కింద సాక్స్ లక్ష డాలర్లకు తెచ్చుకుంది. ఏడాదంతా మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి, లేదంటే పాత జట్టు తిరిగి అడగవచ్చు అన్నది షరతు. అలా వచ్చినవాడు మొదటి ఏడాదే ఆల్ స్టార్ (మేటి ఆటగాళ్ళ ఆటకు ఎంపికైనవాడు) అయ్యాడు. ఓడిపోతున్న జట్టుకు ఉన్న ఒకే ఒక సౌకర్యం ఇలాంటివాడికి అవకాశం ఇచ్చే తీరిక.

ఇక ఓదార్పు పాలు. ఇక్కడ నా గొంతు మారుతుంది.

వెళ్ళిపోయిన క్రోషేకు బోస్టన్ ఆరేళ్ళకు 170 మిలియన్ డాలర్లు ఇచ్చింది. సాక్స్ తన చరిత్ర మొత్తంలో ఒక ఆటగాడికి ఇచ్చిన అతి పెద్ద ఒప్పందం 75 మిలియన్లు, అదీ బెనింటెండికి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే మొదటి రీబిల్డ్ 2021 తరవాత ఎందుకు చతికిలబడిందో సగం అర్థమవుతుంది. కుర్రాళ్ళను తయారు చేసుకోవడం మొదటి మెట్టు, వాళ్ళు చేతికందిన ఏడాది ఖర్చు పెట్టి చుట్టూ మంచివారిని చేర్చడం రెండో మెట్టు. మొదటి మెట్టు మీద రెండుసార్లు నిలబడ్డాం, రెండోది ఇంతవరకు ఎక్కలేదు. యజమాని జెర్రీ రైన్స్‌డోర్ఫ్‌కు 89 ఏళ్ళు, 1981 నుంచి జట్టు ఆయనదే. మదుపరి జస్టిన్ ఇష్బియాకు పగ్గాలు అప్పగించే ఒప్పందం ఈ జూన్‌లో ప్రకటించారు, కానీ 2029కి ముందు అది జరగదు. ఇప్పటి కుర్రాళ్ళ మంచి కాలం సరిగ్గా ఈ నాలుగేళ్ళే. నా భయమంతా అక్కడుంది.

"ఓడితే డ్రాఫ్ట్‌లో ముందు వరస దొరుకుతుంది కదా" అని ఎవరైనా చెబితే అదీ పూర్తిగా నిజం కాదు. 121 ఓడినా ఈ జులై డ్రాఫ్ట్‌లో సాక్స్‌కు వచ్చింది పదో స్థానం. పెద్ద నగరాల సంపన్న జట్లు వరసగా రెండేళ్ళు లాటరీ స్థానాలు (చీటీ తీసి పంచే మొదటి స్థానాలు) తీసుకోకూడదన్నది నియమం. పదో స్థానంలో కాలిఫోర్నియా హైస్కూలు షార్ట్‌స్టాప్ (ఒక ఫీల్డింగ్ స్థానం) బిల్లీ కార్ల్‌సన్‌ను ఎంచుకున్నారు. అతడి సంగతి తేలడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

ఆటగాళ్ళ బదిలీల గడువైన జులై 31 వరకు మీరు గమనించవలసినవాడు లూయిస్ రాబర్ట్. 2023లో 38 హోమ్ రన్లు కొట్టినవాడు, ఇప్పుడు సగటు .200 కూడా లేదు. వచ్చే రెండేళ్ళూ ఉంచుకోవాలంటే ఏడాదికి 20 మిలియన్లు. ఇప్పుడు అమ్మితే తక్కువ ధర పలుకుతుంది. నాకైతే గట్టి బేరం రాకపోతే ఉంచుకోవడమే నయమనిపిస్తోంది. మేలో ఎవరికీ అక్కరలేకుండా ఉన్నప్పుడు తెచ్చుకున్న పిచ్చర్ ఏడ్రియన్ హౌజర్ మాత్రం అద్భుతంగా వేస్తున్నాడు. అతణ్ణి మాత్రం వెంటనే ఇచ్చేసి ఒక కుర్రాణ్ణి తెచ్చుకోవాలి. పాపం, ఓడే జట్టులో బాగా ఆడితే దక్కే బహుమతి బదిలీయే.

విరామానికి ముందు వారాంతంలో 2005 వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు ఇరవై ఏళ్ళ వేడుక జరిగింది. ఆ జట్టు పిచ్చర్ మార్క్ బర్లీ విగ్రహం ఆవిష్కరించారు. ఆనాటి చివరి బంతులు వేసిన బాబీ జెంక్స్ దానికి వారం ముందే పోర్చుగల్‌లో చనిపోయాడు. 2005 తరవాత సాక్స్ ప్లేఆఫ్స్‌లో ఒక్క సిరీస్ కూడా గెలవలేదు. ఆ 2005 వరల్డ్ సిరీస్ మొదటి ఆట చూడడానికి వచ్చినవారిలో ఇప్పటి పోప్ లియో కూడా ఉన్నారు. ఆయన పుట్టిందీ షికాగోలోనే, సాక్స్ అభిమాని. ఆ కుర్చీ ఉన్న 140వ సెక్షన్ దగ్గర ఇప్పుడు ఆయన బొమ్మ వేశారు, జనం అక్కడ ఫొటోలు దిగుతున్నారు. రిగ్లీకి పోటీగా మాకూ ఒకటి దొరికింది.

నన్ను మార్కులు వేయమంటే, ఆటగాళ్ళ ఎంపికకు పదికి ఏడు, యజమానికి రెండు. కొత్త మేనేజర్ విల్ వెనబుల్‌కు ఇంకా వేయను. ఒక్క పరుగు తేడా ఓటముల్లో ఆయన వాటా ఎంతో సీజన్ చివరికి గాని తేలదు. రెండో సగంలో నా కళ్ళు కోల్సన్ మాంట్‌గోమరీ మీద ఉంటాయి. 2021లో మొదటి రౌండులో ఎంచుకున్న షార్ట్‌స్టాప్. ఈ వసంతంలో మైనర్ లీగ్‌లోనే బంతి తగలక, బ్యాటింగ్ సరిచేసుకోవడానికి అరిజోనా పంపారు. అలాంటివాణ్ణి జులై 4న మేజర్ లీగ్‌లో దింపారు. ఇంకా హోమ్ రన్ కొట్టలేదు. సెప్టెంబరుకల్లా అతడు రోజూ ఆడదగ్గవాడని తేలితే నా ఏడు మార్కులు ఎనిమిది చేస్తాను. తేలకపోతే ఆరు.

మీరు ఆట చూడాలనుకుంటే శని, ఆదివారాలు వదిలి మంగళ, బుధవారాల్లో వెళ్ళండి. టికెట్లు చవక, రెడ్ లైన్ రైలు 35వ వీధి స్టేషన్లో దిగితే ఎదురుగానే స్టేడియం. పక్క కుర్చీలో పెద్దవయసు మనిషి ఉంటే టీల్ గురించి అడగండి, తొమ్మిది ఇన్నింగ్స్‌లూ గడిచిపోతాయి.