పిల్లలకు ఆధారాలతో చరిత్ర ఎలా నేర్పాలి? మూసీ వరద పాఠంతో నా అనుభవం

తొమ్మిదో తరగతి పిల్లలు పాత కాగితాలు, ఫోటోలు చూసి గతాన్ని వాళ్లంతట వాళ్లే వెతికేలా చేయడం ఎలా అని, నాలాగే టీచర్‌గా ఉన్న మీరు అడిగారు. ఏ ఆధారం ఇచ్చినా అందులోంచి రెండు లైన్లు కాపీ చేసి ఇచ్చేస్తున్నారనీ రాశారు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో 14 ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. మొదట్లో నా క్లాసులోనూ ఇదే జరిగేది.

ఒక్క కాగితమే ఇస్తే పిల్లలకు అది ఇంకో పాఠం లాంటిదే. ఒకే సంగతి మీద ఒకదానికొకటి పొసగని రెండు మాటలు చేతికిచ్చి చూడండి.

నేను 1908 మూసీ వరద తీసుకున్నాను. మా పిల్లల్లో సగం మంది రోజూ ఆ నది దాటే బడికి వస్తారు. ఆ సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. చనిపోయినవాళ్లు 15,000 అని ఒకచోట ఉంటే, 50,000 దాకా అని మరోచోట ఉంటుంది. ఈ అంకెలు బోర్డు మీద రాసి ఊరుకున్నాను. కాసేపటికి ఒక అమ్మాయి లేచి, "అంత నీళ్లలో చెట్టు మీద ఎంతమంది ఉన్నారో ఎవరు లెక్కపెట్టారు టీచర్?" అంది. నాకు కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే.

కానీ అక్కణ్నుంచి తప్పు చేశాను. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, కళ్లారా చూశారా, విన్నారా అని అడుగుతూ పోయాను. పీరియడ్ అయ్యేసరికి క్లాసంతా ఒకటే తేల్చింది: అందరూ అబద్ధాలే రాశారు! పుస్తకంలో ఉన్నదల్లా నమ్మే పిల్లల్ని ఏదీ నమ్మని పిల్లలుగా చేశానని ఆ రాత్రంతా టెన్షన్ పడ్డాను. వాట్సాప్‌లో వచ్చిన ముక్కా, ఆనాడు రాసిన కాగితమూ ఒకటే అనుకునే పిల్లలు ఏమీ చదవనివాళ్ల కంటే ఎక్కువ నష్టపోతారు.

మర్నాడు వరద మార్చాను. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన వాళ్లందరికీ గుర్తుంది. ఆ రాత్రి మీ ఇంట్లో ఏం జరిగిందో ఎవరితో మాట్లాడకుండా రాయమన్నాను. మా బడిలోనే చదివే అక్కాచెల్లెళ్లిద్దరి చేత విడివిడిగా రాయించాను. నీళ్లు మోకాళ్ల పైదాకా వచ్చాయని అక్క రాసింది, నడుము దాకా అని చెల్లెలు. వాళ్లమ్మని అడిగి రమ్మన్నాను. "ఎంత లోతో తెలీదు గానీ, మంచం మీద పెట్టిన బియ్యం బస్తా అడుగు తడిసింది" అని ఆవిడ చెప్పిందట. పిల్లలు మంచం ఎత్తు కొలిచారు, 20 అంగుళాలు. ఆ వాన నాటికి అక్క ఎత్తెంత, చెల్లెలి ఎత్తెంత అని లెక్క వేశారు. ముగ్గురూ చెప్పింది ఒకే నీళ్ల గురించి. అబద్ధం అన్న మాట ఆ రోజు నుంచి మా క్లాసులో తగ్గింది.

తర్వాతే 1908కి తిరిగి వెళ్లాం. ఈసారి "ఇది నిజమా" అని కాకుండా, "ఈ కాగితం మనకు ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు" అని అడిగాను. 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి లెక్కలు వాన గురించి, ఎగువన తెగిన చెరువుల గురించి చెబుతాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయంటే ఆ పని వల్లే. ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆ లెక్కల్లో దొరకదు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకున్నారు. దాని మీద ఒక నజ్మ్ (ఉర్దూ కవిత) రాశారు. మా విద్యార్థి ఒకరి దాదా (తాతయ్య) క్లాసుకొచ్చి అది చదివి అర్థం చెప్పారు. ఉర్దూ రాని నాలాంటి టీచర్లకు ఇలాంటి పెద్దవాళ్లే దిక్కు, మొహమాటపడకుండా పిలవండి.

ఇళ్లలో ఉన్న కాగితాలు కూడా తెప్పించండి. తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాల్లో పాత పహాణీలు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ కాగితాలు) ఉంటాయి. వాటి మీద ఫసలీ సంవత్సరం (పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన సంవత్సరం) ఉంటే 590 కలపమనండి, ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది. ఫోన్‌లో ఫోటో తీసి తెస్తే చాలు. ఒక పిల్లాడు అసలు కాగితమే తెస్తే మడత దగ్గర చిరిగింది, వాళ్ల నాన్న ఎంత బాధపడ్డారో నేను మర్చిపోలేను. పోలీసు చర్యతో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసిన 1948 గురించి తాతమ్మల్ని అడగమని మాత్రం ఊరికే హోంవర్క్ ఇవ్వొద్దు. ముందు ఆ ఇంటి పెద్దలతో మీరు మాట్లాడండి, కొన్ని ఇళ్లలో ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

సిలబస్ అంటారా, నెలకు రెండు పీరియడ్లు తీస్తే ఏమీ ఆగదు.

మీ దగ్గర లైబ్రరీ కూడా లేదన్నారు కదా, ఆఫీసు బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్ ఉందేమో చూడండి. హెచ్‌ఎం గారి అనుమతి తీసుకుని, పేర్లు కనపడకుండా కాగితం అడ్డుపెట్టి జిరాక్స్ తీయించండి. తండ్రి వృత్తి, చేరిన తేదీ, బడి మానేసిన తేదీ, కారణం అన్నీ అందులో ఉంటాయి. మా బడి పాత పేజీల్లో ఎనిమిదో తరగతి తర్వాత ఆడపిల్లలు సగానికి సగం మానేశారు. కారణం దగ్గర చాలావాటికి ఏమీ రాయలేదు. మా పిల్లలు ఇప్పుడు ఆ ఖాళీ గడుల మీదే పని చేస్తున్నారు, ఆ రోజుల్లో చదివిన నానమ్మల్ని వెతికి అడుగుతున్నారు.