కంటి కబుర్లు: బాబు కనుపాప తాళంకప్ప కన్నంలా ఉంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఐదేళ్ళు నిండాయని ఆధార్ అప్డేట్‌కి తీసుకెళ్తే ఎడమ కన్ను మెషీన్ తీసుకోలేదు, నాలుగైదు సార్లు ట్రై చేసి అక్కడి అబ్బాయి "ఈ కన్ను ఏదో తేడాగా ఉందక్కా, డాక్టర్‌కి చూపించండి" అన్నాడు. మధ్యలో గుండ్రంగా ఉండాల్సిన పాప వీడికి కిందకి సాగినట్టుంటుంది, పుట్టినప్పట్నుంచీ అంతే, బానే చూస్తున్నాడు కదా అని వదిలేశాం. 2020 జూన్ 21 సూర్యగ్రహణం నాటికి నాకు ఐదో నెల, ఆ రోజు నేను వంకాయలు కోశానని, అందుకే ఇలా అయిందని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. నిజమేనా? ఆపరేషన్ చేయించాలా?
- ఒక తల్లి, తణుకు

జవాబు: ముందు ఆ వంకాయల సంగతి తేల్చేద్దామమ్మా. కడుపులో బిడ్డకి కన్ను తయారయ్యేటప్పుడు అడుగున ఒక చీలిక ఉంటుంది, జాకెట్టుకి సైడు కుట్టు వేసినట్టు దాని రెండంచులూ ఐదో వారంలో కలవడం మొదలై ఏడో వారానికల్లా అతుక్కుపోవాలి. అక్కడక్కడ అతుకు పడకపోతే మిగిలే ఖాళీనే కొలబోమా అంటారు, మీరు చెప్పినదాన్ని బట్టి బాబుది అదే అనిపిస్తోంది. జూన్‌కి మీకు ఐదో నెలంటే ఆ అతుకు పడాల్సిన టైమ్ ఏప్రిల్‌లోనే అయిపోయింది, గ్రహణం వచ్చేసరికి కన్ను ఎలా ఉండాలో అలా ఉండిపోయింది. అత్తగారికి ఈ లెక్క చూపించండి, వినకపోతే నేను రాశానని చెప్పండి!

ఇక అసలు విషయం. బయటికి కనిపించే ఆ కన్నం వల్ల పెద్ద నష్టం లేదు, మహా అయితే ఎండలో కళ్ళు చికిలిస్తాడు, టోపీ పెడితే సరిపోతుంది. నాకు భయమల్లా వెనకాల గురించి. కుట్టు ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు వలయం) దగ్గరే ఊడిందా లేక లోపల రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) దాకా, కంటి నరం దాకా ఊడిపోయి ఉందా అన్నది బయట్నుంచి ఎవరూ చెప్పలేరు, ఫోటో వాట్సాప్‌లో పెట్టినా చెప్పలేరు.

చూసే పద్ధతి చెప్తా, బాబుకి ముందే చెప్పి తీసుకెళ్తే ఏడవడు. మొదట టార్చి వేసి పాప ముడుచుకుంటోందా లేదా చూస్తారు. తర్వాత స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చేసి చూపే మైక్రోస్కోప్) దగ్గర గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తగిలించి కూర్చోబెడతారు, అందులోంచి సన్నటి గీతలా వెలుగు పడుతుంది, తలుపు సందులోంచి ఎండ పడితే అందులో దుమ్ము ఎలా తేలుతూ కనపడుతుందో అలా కంట్లో వాపు కణాలున్నా కనపడతాయి. ఇదంతా పాపని పెద్దది చేసే చుక్కలేయక ముందే, ఎందుకంటే చుక్కలేస్తే ఐరిస్ కుచ్చిళ్ళలా ముడుచుకుపోయి వివరం పోతుంది. ఆ తర్వాతే చుక్కలేసి, తలకి లైటు పెట్టుకుని చేత్తో లెన్సు పట్టుకుని రెటీనా చూస్తారు, సైటు కూడా అప్పుడే కొలుస్తారు.

"బానే చూస్తున్నాడు" అన్నారు చూశారా, అక్కడే నేను ఒప్పుకోను. కుడి కన్ను మంచిదైతే పిల్లలు దాంతోనే నెట్టుకొచ్చేస్తారు, ఎడమది బద్ధకించిపోతుంది, ఏడెనిమిదేళ్ళు దాటాక దాన్ని దారికి తేవడం కష్టం. ఇంట్లోనే కుడి కన్ను మూసి చూడండి, విసుక్కుని చెయ్యి తోసేస్తున్నాడంటే ఈ వారమే వెళ్ళండి. అద్దాలు, మంచి కంటికి ప్యాచ్, వీటితోనే చాలావరకు పనవుతుంది. కన్నం పూడ్చే ఆపరేషన్ తొందరేం లేదు. రెటీనాలో కూడా ఖాళీ ఉంటే మాత్రం రెటీనా ఊడే రిస్క్ ఉంటుంది కాబట్టి కనీసం ఏటా చూపించాలి. మీ భార్యాభర్తలిద్దరి కళ్ళూ కూడా చూపించుకోండి, చిన్నపాటి కొలబోమా ఉన్నా చాలామందికి తెలీదు. అన్నట్టు ఆధార్‌కి, స్కాన్ తీయలేని కంటిని ఎక్సెప్షన్ కింద నమోదు చేసే పద్ధతి ఉంది, అడగండి.

ప్రశ్న: నాకు 52, పన్నెండేళ్ళుగా షుగర్. ఐరిస్ ఫోటో తీసి కిడ్నీ, లివర్ సంగతి చెప్పేస్తామని మా ఊళ్ళో క్యాంప్ పెట్టారు. వెళ్ళమంటారా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండీ. దాన్ని ఐరిడాలజీ అంటారు. 1979లోనే అమెరికాలో 143 మంది ఐరిస్ ఫోటోలు, అందులో 48 మంది కిడ్నీ జబ్బువాళ్ళవి, ఆ విద్య తెలిసినవాళ్ళకి చూపిస్తే ఎవరికి జబ్బుందో పట్టుకోలేకపోయారు. అలాగని ఐరిస్‌లో ఒంటి జబ్బులేవీ కనపడవని కాదు. మీ షుగరే ఉందిగా, రెటీనాకి రక్తం సరిగ్గా అందకపోతే పాప అంచున వెంట్రుకల్లాంటి ఎర్రటి కొత్త నాళాలు పుడతాయి, అవి కంటి లోపల ఊరే నీరు (కన్నీళ్ళు కాదు) బయటికెళ్ళే దారిని మూసేస్తే కంట్లో ప్రెషర్ పెరిగి చూపు పోతుంది. క్యాంప్‌కి పెట్టే డబ్బులతో కంటి డాక్టర్ దగ్గరికెళ్ళి, చుక్కలేసే ముందు ఐరిస్, వేశాక రెటీనా చూడమనండి. వెంట ఎవరినైనా తీసుకెళ్ళండి, నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, బండి నడపలేరు.