డ్రయ్యర్ ఫిల్టర్ ప్రతిసారీ దులుపుతున్నా వెనక గొట్టంలో నూగు ఎందుకు చేరుతోంది?

ఫిల్టర్ నూగులో ఎక్కువ భాగాన్నే ఆపుతుంది, మొత్తాన్ని కాదు. జాలి కళ్లు మరీ సన్నగా ఉంటే గాలి ఆడదు, బట్టలు ఆరవు. అందుకే కాస్త వదులుగానే నేస్తారు. సన్నటి పోగులు అందులోంచి, అంచుల సందుల్లోంచి జారిపోతాయి. గొట్టంలో గాలి చల్లబడి చెమ్మ దిగితే అవి గోడలకు అతుక్కుంటాయి. పొడవాటి గొట్టం, మడతలు, వంపులు ఉంటే మరీను.

విశాఖలో జూన్ నుంచి నవంబర్ దాకా బాల్కనీలో ఆరేసినవి ఆరవు కాబట్టి డ్రయ్యర్ వాడకం పెరిగేది అప్పుడే. ఆ నెలల్లో గొట్టాన్ని ఒకసారైనా విప్పి, పొడవాటి బ్రష్‌తో తోమించండి. ప్లాస్టిక్ గొట్టమైతే తీసేసి నున్నటి లోహపుది, వీలైనంత పొట్టిగా వేయించండి. ఇది పొదుపు కోసం కాదు. ఎండిన నూగు ఇట్టే అంటుకుంటుంది. అమెరికాలో డ్రయ్యర్ల వల్ల జరిగే ఇంటి అగ్నిప్రమాదాలకు ప్రధాన కారణం శుభ్రం చేయకపోవడమే.

జాలి చూడ్డానికి శుభ్రంగానే ఉన్నా, బట్టలతో పాటు డ్రయ్యర్‌లో వేసే సువాసన షీట్లు వాడితే మైనపు పొర పట్టేస్తుంది. కుళాయి కింద పెట్టి చూడండి. నీళ్లు నిలిచాయంటే సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

కొత్త తువ్వాళ్లు మొదట్లో బాగా నూగు రాలుస్తాయి, విడిగా వేయండి. జేబుల్లో కాగితం ముక్కలు, బస్ టికెట్లు సరేసరి.

కండెన్సర్, హీట్ పంప్ రకాలు తడి గాలిని బయటికి వదలకుండా లోపలే చల్లబరిచి నీరు తీస్తాయి, వాటికి బయటికి గొట్టం ఉండదు. వాటిలో గాలిని చల్లబరిచే భాగమైన కండెన్సర్ దగ్గర నూగు చేరిందేమో చూడాలి. ఉతికి ఆరబెట్టే జంట మెషీన్లలో చాలావాటికి విడిగా నూగు జాలే ఉండదు. నూగు నీళ్లతో పంపు ఫిల్టర్‌కి చేరుతుంది, దాన్నే తీసి కడగాలి.