తల దొరకని జంతువుకు పేరెలా పెట్టారు?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. సెలవుల్లో హైదరాబాద్‌ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూపించాం. దాని అసలు తల దొరకనే లేదని అక్కడ విన్నాడు. అప్పట్నుంచి "తలే లేకపోతే అది ఏ జంతువో వాళ్లకెలా తెలిసింది?" అని ఒకటే పట్టు. ఏం చెప్పమంటారు? (ఒక తల్లి, మంచిర్యాల)

జవాబు: బాబు అడిగింది చాలా మంచి ప్రశ్న అమ్మా. నేను జియాలజీ చెప్పిన ముప్పై ఏళ్లలో ఈ మాట సూటిగా అడిగిన పిల్లలు కొద్దిమందే.

తల దొరకని మాట నిజమే. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో 840 దాకా ఎముకలు బయటపడ్డాయి. వాటిలో తల తాలూకువి రెండు పళ్లు, అంతే. ఈ పొడుగు మెడ జంతువులకు ఒంటితో పోలిస్తే పుర్రె చాలా చిన్నది, పైగా పల్చటి ఎముకలతో అతికినట్టు ఉంటుంది. చచ్చాక మెడ నుంచి ముందు ఊడిపోయేది అదే. మ్యూజియంలో కనిపించే తల, దగ్గరి చుట్టాల తలలు చూసి చేసిన నమూనా.

ఆ 840 ఎముకలూ ఒక్కదానివి కావు, కనీసం పన్నెండు జంతువులవి. లెక్క ఎలాగంటే, ఏ జంతువుకైనా ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. కుప్పలో ఎడమ తొడ ఎముకలు ఆరుంటే, అక్కడ ఆరు జంతువులకు తక్కువ లేవన్నమాట. బాబుకు ఇంట్లో చెప్పుల స్టాండు చూపించి, ఎడమకాలి చెప్పులు లెక్కపెట్టమనండి. వెంటనే అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి. తల లేకపోయినా తొడ ఎముక చాలా చెబుతుంది. కోటాసారస్ తొడ ఎముక పైభాగంలో కండరం అతుక్కునే చిన్న గట్టు ఒకటుంది. పాతకాలపు చుట్టాలకు అది ఉండేది. తర్వాత వచ్చిన భారీ సారోపాడ్లలో (నాలుగు కాళ్ల పొడుగు మెడ డైనోసార్లలో) మాయమైపోయింది. నాలుగు కాళ్ల మీద నడిచే అంత పెద్ద ఒంట్లో ఆ పాత గుర్తు ఇంకా మిగిలి ఉందంటే, ఈ జంతువు ఆ వంశం మొదట్లోదని తెలుస్తుంది. ఇదే ప్రాణహిత-గోదావరి లోయలో పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) అంతకుముందే బారాపాసారస్ అనే ఇంకో పొడుగు మెడ డైనోసార్ దొరికింది. దానికీ పుర్రె లేదు. రెండింటినీ ఎముకకు ఎముక పక్కన పెట్టి చూశాకే ఇది వేరని తేల్చి, జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో దీనికి కోటాసారస్ అని పేరు పెట్టారు.

అయితే తక్కువ ఎముకలతో పేరు పెడితే ఇబ్బందులూ వస్తాయి. జబల్‌పూర్ బడా సిమ్లా గుట్టలో దొరికిన తోక పూసలు చూసి, ఆ డైనోసార్‌కు 1877లో లిడెక్కర్ అనే శాస్త్రవేత్త 'టైటనోసారస్' అని పేరు పెట్టారు. ఆ పూసకు ముందువైపు గుంట, వెనకవైపు బంతిలాంటి ఉబ్బు. అప్పటికి అది పెద్ద వింత. తర్వాత దక్షిణ అమెరికాలో, మడగాస్కర్‌లో అలాంటి తోకలవి ఎన్నో దొరికాయి. అందరికీ ఉన్న పోలికతో ఒక్కరిని గుర్తుపట్టలేం కదా! అందుకే 2003లో విల్సన్, అప్‌చర్చ్ అనే శాస్త్రవేత్తలు ఆ పేరు ఇక చెల్లదన్నారు. ఆ పూసల మీద నాకు తప్పు కనిపించదు. వాటి దగ్గర ఉన్నంతే చెప్పాయి, మనమే ఎక్కువ అడిగాం.

ప్రశ్న: మలేరి రాళ్లలో దొరికేవన్నీ డైనోసార్లేనా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: కాదు. మలేరి అంటే ఇదే గోదావరి లోయలోని, కోటాసారస్ దొరికిన రాళ్లకంటే పాత రాతి పొరలు. అక్కడి పారాసూకస్ చూడటానికి మొసలిలా ఉంటుంది, హైపరోడపెడాన్ ముక్కు చిలక ముక్కులా వంగి ఉంటుంది. రెండూ డైనోసార్లు కావు. పారాసూకస్ అని మొదట పేరు పెట్టినప్పుడు ఈ రెండింటి ముక్కలూ కలిసిపోయాయి కూడా. తుంటి ఎముక దొరికితే చూడండి. తొడ బంతి కూర్చునే గుంటకు అడుగు లేకుండా ఆర్‌పార్ రంధ్రం ఉంటే డైనోసార్ అనుకోవడానికి మంచి ఆధారం.

ప్రశ్న: మా చేలో దుక్కి దున్నుతుంటే ఎముకలాంటి రాయి దొరికింది. ఎలా తేల్చుకోవాలి? (రైతు, చెన్నూరు)

జవాబు: విరిగిన అంచును భూతద్దంతో చూడండి అన్నా. పైపొర గట్టిగా ఉండి, లోపల బ్రెడ్డు ముక్కలా సన్నటి గదులుంటే ఎముక కావచ్చు. పొడవునా ఒకే దిక్కుకు పోగులుంటే రాయిగా మారిన కలప. నాలుకకు తగిలిస్తే ఎముక కొంచెం అతుక్కుంటుందంటారు, కానీ గదుల్లో ఖనిజం నిండిపోతే అతుక్కోదు. దాన్ని నమ్ముకోకండి.

ఒక మాట మాత్రం తప్పకుండా వినండి. మిగతా ముక్కలు కదపొద్దు. చదువుకునే రోజుల్లో వాగు ఒడ్డున ఒక వెన్నుపూస కనిపిస్తే సంతోషంలో సంచిలో వేసుకొచ్చేశాను. నెల రోజులు సూదితో, కుంచెతో ఎర్రమట్టి గీకి శుభ్రం చేశాను. మా సారు చూసి, "ఏ పొరలోంచి తీశావమ్మా?" అని అడిగారు. చెప్పలేకపోయాను. మళ్లీ వెళ్లేసరికి వానలకు ఒడ్డు విరిగిపడింది. ఆ పూస ఏ కాలానిదో, పక్కన ఇంకేం ఉండేవో ఈరోజుకీ ఎవరికీ తెలియదు.

మీరు ఆ చోట ఒక గూటం పాతి గుర్తు పెట్టండి. రాయి పక్కన పెన్ను పెట్టి ఫొటో తీయండి. దూరం నుంచి గట్టు, చెట్టు కనిపించేలా ఇంకోటి తీయండి. రెండూ హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫీసుకు పంపి, నాకూ ఒక కాపీ ఈ పత్రిక చిరునామాకు వేయండి. వానలు పడకముందే పంపండి.