అర్థశాస్త్రం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సూక్ష్మ అర్థశాస్త్రం చదువుతుంటే అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. కానీ ఒక వస్తువు మీద పన్ను పెంచారని పేపర్లో చూసినప్పుడు, ఆ భారం ఎవరిదో చెప్పమంటే చేతులెత్తేస్తున్నాను. లోపం ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: రేఖాచిత్రం చూసి తలూపడం వేరు, కాగితం మీద అంకెలతో లెక్క తేల్చడం వేరు. రెండోది మొదలుపెట్టండి. మీరడిగిన పన్నునే తీసుకుందాం.

ధరను ‘ధ’ అనుకోండి. డిమాండ్ 120 – 2ధ, సప్లై 4ధ – 60. రెండూ సమానం చేస్తే ధర 30, అమ్మకం 60 యూనిట్లు. ఇప్పుడు అమ్మేవారి మీద యూనిట్‌కు 6 చొప్పున పన్ను పడింది. చాలామంది వెంటనే ధర 36 అని రాసేస్తారు. అది తప్పు. అమ్మేవారి చేతికి వచ్చేది ధ – 6 కాబట్టి సప్లై 4(ధ – 6) – 60, అంటే 4ధ – 84 అవుతుంది. మళ్లీ డిమాండ్‌తో సమానం చేయండి: ధర 34, అమ్మకం 52. కొనేవారు 4 ఎక్కువ ఇస్తున్నారు, అమ్మేవారికి 2 తగ్గి 28 మిగులుతోంది. ఖజానాకు 6 × 52 = 312 వస్తుంది. ఆగిపోయిన 8 యూనిట్ల వల్ల 24 విలువ (6 × 8లో సగం) ఎవరికీ దక్కకుండా పోతుంది. పన్నుల మీద వాదించేవారు ఎక్కువగా మరిచిపోయేది ఈ 24నే.

అదే పన్నును కొనేవారి దగ్గర వసూలు చేస్తే? డిమాండ్ 120 – 2(ధ + 6) అవుతుంది. ధర 28, పన్నుతో కలిపి 34. ఏమీ మారలేదు! పన్ను ఎవరు కట్టాలని చట్టంలో రాసినా, భారాన్ని పంచేది వ్యాకోచత్వాలే, అంటే ధర ఒక శాతం మారితే డిమాండ్, సప్లై ఎంత శాతం మారతాయో చెప్పే అంకెలే. 30 ధర దగ్గర డిమాండ్ వ్యాకోచత్వం 1, సప్లైది 2. తప్పుకునే వీలు ఎవరికి తక్కువో వారి మీదే ఎక్కువ పడుతుంది. అందుకే వార్త చదవగానే, ఆ వస్తువుకు ప్రత్యామ్నాయం ఉందా, అలవాటు మార్చుకోవడానికి ఎంతకాలం పడుతుంది, ఉత్పత్తిదారు వేరే సరుకుకు మారగలడా అని చూడండి. నెలలోపు జవాబు ఒకటి, రెండేళ్ల తర్వాత జవాబు మరొకటి కావచ్చు.

ఒక జాగ్రత్త. ఇదంతా పోటీ మార్కెట్ లెక్క. అమ్మేవారు ఒక్కరే ఉండి, డిమాండ్ సరళరేఖ అయి, ఉపాంత వ్యయం (ఇంకో యూనిట్ తయారీకి అదనంగా అయ్యే ఖర్చు) స్థిరంగా ఉంటే పన్నులో సగమే ధరలోకి చేరుతుంది. అదే వ్యయంతో పోటీ ఉంటే మొత్తం చేరుతుంది. కాబట్టి మార్కెట్ ఎలాంటిదో తేల్చుకోకుండా సూత్రం పట్టుకోకండి.

ప్రశ్న: ఒక వస్తువు ధర పెరిగింది, అమ్మకాలూ పెరిగాయి. ధర పెరిగితే కొనుగోళ్లు తగ్గుతాయనే డిమాండ్ సూత్రం తప్పయినట్టా?

జవాబు: కాదు. మనకు కనిపించే ప్రతి ధర, పరిమాణం జతా డిమాండ్, సప్లై రేఖలు కలిసిన బిందువు. డిమాండ్ రేఖ కుడివైపు జరిగితే రెండూ పెరుగుతాయి. ఆ బిందువులను కలిపి గీసిన గీత డిమాండ్ రేఖ కాదు, సప్లైకి దగ్గరది. ఈ చిక్కును ఆర్థికవేత్త ఇ. జె. వర్కింగ్ 1927లోనే స్పష్టంగా విప్పి చూపారు. డిమాండ్ రేఖ కావాలంటే, సప్లైని మాత్రమే కదిపే కారణం వెతకాలి. పంటకైతే పండే చోట వాతావరణం, తయారీ వస్తువుకైతే ముడిసరుకు ధర. అయితే ఆ కారణం కొనేవారి ఆదాయాన్నో, అవసరాన్నో కూడా తాకుతుంటే అది పనికిరాదు. వ్యాపారంలో ధర నిర్ణయించేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: పండగ సీజన్‌లో ధర పెంచినా అమ్ముడుపోయిందని, మామూలు రోజుల్లోనూ అదే ధర ఉంచుతారు.

ప్రశ్న: గణితం ఎంత రావాలి?

జవాబు: మొదటి మెట్టుకు సరళరేఖ సమీకరణాలు, శాతాలు, ఒక చలరాశి అవకలనం (డిఫరెన్షియేషన్) చాలు. శాతాల దగ్గర మాత్రం జాగ్రత్త. 10 నుంచి 12కు పెరుగుదల 20 శాతం, 12 నుంచి 10కి తగ్గుదల 16.7 శాతం. ఒకే రెండు బిందువులకు రెండు వ్యాకోచత్వాలు వస్తాయి. తేడా 2ను సగటు ధర 11తో భాగిస్తే ఎటు లెక్కించినా 18.2 శాతమే. పరిమాణానికీ అలాగే చేయండి.