ఒక్క ఉంగరం చిక్కు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక వెంటనే నిద్ర పట్టదు. టీవీలో మాంత్రికుడో దేవకన్యో ఉన్న సినిమా వస్తే చాలు, కూర్చుండిపోతాను. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి “అమ్మా, ఇందులో లాజిక్ ఏదీ?” అని వేళాకోళం చేస్తాడు. “ఇంకా చిన్నపిల్లవా?” అంటారు మా ఆయన. బాధ్యతల నుంచి పారిపోతున్నానా? మీరైనా చెప్పండమ్మా.
– పేరు వద్దన్న పాఠకురాలు, ఏలూరు

జవాబు: రాత్రంతా సెలైన్లు మార్చి, బీపీలు చూసి, పేషెంట్ల తాలూకు వాళ్లకి సర్దిచెప్పి వచ్చిన మనిషి పొద్దున్నే కాసేపు దేవకన్యను చూస్తే దాన్ని పారిపోవడం అనరు తల్లీ. పారిపోయినవాళ్లు ఆ రాత్రి మళ్లీ డ్యూటీకి వెళ్లరు.

నా సంగతి చెప్తాను. ఆ సినిమా విడుదలైంది 1990 మే 9న. కృష్ణా డెల్టా మీద పెద్ద తుఫాను విరుచుకుపడిందీ ఆ రోజే. దాదాపు వెయ్యిమంది పోయారు. నేనప్పుడు గుంటూరు జిల్లాలో ట్రెజరీలో పనిచేస్తున్నాను. తుఫాను సాయం బిల్లులు కట్టలు కట్టలుగా వచ్చిపడేవి. కరెంటు లేక లాంతరు పెట్టుకుని చూసేవాళ్లం. ఒక జాబితా ఇంకా కళ్లకి కట్టినట్టుంది. ఒకే ఊరు, పదకొండు పేర్లు, అందరిదీ ఒకటే ఇంటిపేరు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

రెండు వారాలు పోయాక ఒక ఆదివారం మా తోడికోడలు వచ్చి “లే అక్కా, సినిమాకి పోదాం” అంది. “ఇప్పుడు సినిమా ఏమిటే, ఎవరైనా చూస్తే నవ్విపోతారు” అన్నా వినకుండా రిక్షా ఎక్కించింది. హాలు ముందు ఇంకా బురదే. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాం. కుర్చీ చెమ్మగా ఉంటే పైట చెంగు పరుచుకుని కూర్చున్నాను. శ్రీదేవి చిరంజీవిని పట్టుకుని “మానవా” అని పిలుస్తుంటే నవ్వొచ్చేసింది. పదిహేను రోజులకి అదే మొదటి నవ్వు. తప్పు చేసినట్టు పక్కకి చూశాను కదా, మా తోడికోడలు చెంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వుతోంది.

సోమవారం పదింటికల్లా సీట్లో ఉన్నాను. ఆ రోజు బిల్లులు ఆ రోజే తెమిలాయి.

ఇక మీవాడి లాజిక్. లేకేం, ఉంది. దేవకన్య ఇంద్రజ, అంటే మన శ్రీదేవి, మానస సరోవరంలో స్నానానికొచ్చి ఉంగరం పోగొట్టుకుంది, అది రాజుకి, అంటే చిరంజీవికి, దొరికింది, ఆ ఉంగరం లేనిదే ఆమె స్వర్గంలో అడుగుపెట్టలేదు. అంతే. సినిమా మొత్తం ఆ మాట మీదే నిలబడుతుంది. జంధ్యాల మాటలూ ఇళయరాజా పాటలూ మాంత్రికుడిగా అమ్రీష్ పురి గుడ్లురుమడమూ అన్నీ దాని చుట్టూనే. మీ వార్డులో ఒక్క రాత్రికి నలభై చిక్కులు, ఒకటి విప్పేలోగా రెండు పడతాయి. అక్కడున్నది ఒకే ఒక్క చిక్కు. అదీ వేలికుంది, కంటికి కనిపిస్తోంది. అలిసిపోయిన బుర్రకి అంతకన్నా ఏం కావాలి?

ఎటొచ్చీ కష్టం రాగానే హీరోకి ఎక్కడలేని కొత్త శక్తీ పుట్టుకొచ్చే సినిమాలు కొన్నుంటాయి. గ్రాఫిక్స్‌కి కోట్లు పోసినా సరే, వాటిలో నాకు కునుకే. అలాంటప్పుడు మీ అబ్బాయి లాజిక్ అడిగితే నేనూ వాడి పార్టీయే.

మీ ఆయన క్రికెట్ చూస్తారా? చూస్తే ఆ సంగతి అక్కడితో వదిలేయండి.

నిద్ర మానుకుని చూడటం మాత్రం ఒప్పుకోను. ఇంటర్వెల్ దాకా చూసి పడుకోండి. తెలిసిన కథేగా, ఉంగరం ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఇలాంటి సినిమాకి ఒంటరిగా వెళ్లాలా, తోడుతోనా?
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: ఏడుపు సినిమాకైతే ఒంటరిగా వెళ్లు. మాంత్రికుడు వచ్చినప్పుడు గట్టిగా పట్టుకోడానికి పక్కన ఒక చెయ్యి ఉండాలి.

ప్రశ్న: మా మనవడికి ఆరేళ్లు. వాడితో కలిసి చూడటానికి పాత జానపద సినిమా ఒకటి చెప్పండి. వాడు భయపడకూడదు.
– రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, కర్నూలు

జవాబు: భయం లేని జానపదం ఏమిటి మాస్టారూ, కారం లేని ఆవకాయలాగా! ‘పాతాళభైరవి’ పెట్టండి. 1951 నాటి కె.వి. రెడ్డి గారి సినిమా. మాంత్రికుడి తల తెగే చోట మాత్రం వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. సంజీవనితో మళ్లీ లేస్తాడని ముందే చెప్పేయకండి, ఆ గమ్మత్తు వాడికి దక్కనివ్వండి. మరీ జడుసుకుంటే, ఆ గడ్డం వెనకున్న ఎస్వీ రంగారావుకి అప్పటికి 33 ఏళ్లు కూడా నిండలేదనీ, ఇంచుమించు మీ నాన్న వయసేననీ చెప్పండి. మా మనవరాలికి అలాగే చెప్పాను. గడ్డం నిజమా, అంటించిందా అని అది సినిమా అయ్యేదాకా టీవీకి ముక్కు ఆనించి చూసింది.